కడుపులోకి ఎదురెక్కే పైత్యరసం: రిపోర్టులో కనిపించిందల్లా జబ్బేనా?

ఆసుపత్రులు ఎక్కువగా ఉండే నెల్లూరు పొగతోటలో గానీ ఒంగోలులో గానీ ఎండోస్కోపీ (కెమెరా గొట్టాన్ని గొంతులోంచి దించి కడుపు లోపల చూసే పరీక్ష) చేయించుకుని బయటికి వచ్చేవారి చేతిలోని కాగితం మీద ‘యాంట్రల్ గ్యాస్ట్రైటిస్’ (కడుపు కింది భాగపు పొర వాపు), ‘బైల్ రిఫ్లక్స్’ (పైత్యరసం కడుపులోకి ఎదురెక్కడం) అనే మాటలు పక్కపక్కనే కనిపించడం ఇప్పుడు మామూలైపోయింది. కాగితం చూసిన బంధువులు పైత్యం ఎగదన్నుతోందని తేల్చేస్తారు. మందుల షాపులో ఒక క్యాప్సూల్ పట్టీ చేతికి వస్తుంది. నెలలు గడిచినా మంట మాత్రం తగ్గదు. తగ్గకపోవడానికి కారణం చాలాసార్లు మందు చాలకపోవడం కాదు, అసలు జబ్బు ఏమిటన్నది తేలకపోవడం. కడుపులో పైత్యరసం కనిపించడం వేరు, ఆ రసం వల్ల కడుపు లోపలి పొర దెబ్బతినడం వేరు. రెండోదాన్ని నిర్ధారించాలంటే గొట్టం చూపించే బొమ్మ ఒక్కటీ చాలదు. రోగికి గతంలో జరిగిన ఆపరేషన్లు, అతను రోజూ మింగుతున్న మాత్రలు, కడుపు పొర నుంచి తీసిన చిన్న ముక్క పరీక్ష, వీటన్నిటినీ కలిపి చూడవలసి ఉంటుంది.

కాలేయం రోజుకు సుమారు 500 నుంచి 1000 మిల్లీలీటర్ల పైత్యరసాన్ని తయారు చేస్తుంది. దానిలో కొంత పిత్తాశయంలో చిక్కబడి నిలవ ఉంటుంది. కొవ్వు ఉన్న ఆహారం చిన్నపేగు మొదటి భాగమైన ఆంత్రమూలంలోకి చేరగానే పిత్తాశయం ముడుచుకుని ఆ రసాన్ని అక్కడికి వదులుతుంది; క్లోమం నుంచి వచ్చే జీర్ణరసాలు కూడా అక్కడే కలుస్తాయి. కడుపుకూ ఆంత్రమూలానికీ మధ్య పైలోరస్ అనే కండర ద్వారం ఉంది. కడుపులో నలిగిన ఆహారాన్ని కొద్దికొద్దిగా కిందికి వదలడం, కిందిది పైకి రాకుండా ఆపడం దాని పని. అయితే అది పూర్తిగా బిగిసిపోయే తలుపు కాదు. పోటు వేళ బకింగ్‌హాం కాలువలోకి సముద్రపు నీరు ఎదురెక్కినట్టే, భోజనం తరువాతా, రాత్రి నిద్రలోనూ ఆరోగ్యవంతుల కడుపులోకి సైతం కొంత పైత్యరసం వస్తుంది, మళ్ళీ కిందికి వెళ్ళిపోతుంది. దానివల్ల వారికి ఏ బాధా ఉండదు. ఎక్కువ మోతాదులో వచ్చి, ఎక్కువసేపు నిలిచినప్పుడే చిక్కు మొదలవుతుంది.

కడుపు తన ఆమ్లాన్ని తాను తట్టుకునేలా దాని లోపలి గోడ మీద జిగురుపొర ఒకటి ఉంటుంది. పైత్యరసంలోని పైత్యామ్ల లవణాలు కొవ్వును విడగొట్టే స్వభావం గలవి కాబట్టి, ఆ జిగురుపొరనూ కణాల పైపొరనూ అవి కరిగిస్తాయి. క్లోమరసం తగిలినప్పుడు పైత్యంలోని లెసితిన్ అనే పదార్థం లైసోలెసితిన్‌గా మారుతుంది; ఇది కణాలకు మరింత హానికరం. రక్షణ పొర పలచబడిన తరువాత కడుపులోని ఆమ్లం కూడా గోడలోకి ఇంకి మంట రేపుతుంది. అంటే చాలామందిలో పైత్యమూ ఆమ్లమూ కలిసే నష్టం చేస్తాయి. ఆమ్లాన్ని తగ్గించే ఒమెప్రజోల్, పాంటోప్రజోల్ వంటి మాత్రలు కొందరికి సగం ఉపశమనం ఇచ్చి అక్కడితో ఆగిపోవడానికి కారణం ఇదే. ఆ మాత్రలు ఆమ్లం తయారీని తగ్గించగలవు గానీ పైత్యం రాకను ఆపలేవు. ఈనో, గోళీసోడా వంటివి తేన్పు తెప్పించి కాసేపు తేలిక చేస్తాయి, అంతకుమించి వాటివల్ల ఒరిగేదేమీ లేదు.

ఈ జబ్బు నిజంగా ఎవరికి వస్తుందని అడిగితే, మొదట చెప్పవలసింది కడుపు ఆపరేషన్ చేయించుకున్నవారి గురించే. ఒక తరం వెనక్కు వెళితే దక్షిణ భారతదేశంలో ఆంత్రమూలపు పుండ్లు చాలా ఎక్కువ. పుండు మాని మచ్చకట్టి పైలోరస్ దారి మూసుకుపోయి, నిన్న తిన్న అన్నం ఇవాళ వాంతి చేసుకునే స్థితికి వచ్చిన రోగులు జిల్లా ఆసుపత్రుల్లో మామూలుగా కనిపించేవారు. వారికి చేసిన ఆపరేషన్‌లో ఆమ్లాన్ని ప్రేరేపించే వేగస్ నాడిని కత్తిరించి, కడుపును నేరుగా చిన్నపేగుకు కలిపేవారు. ఆహారానికి కొత్త దారి దొరికేది, ప్రాణం నిలిచేది. కానీ ఆంత్రమూలం నుంచి కిందికి పారే పైత్యరసం ఆ అతుకు పక్కగానే ప్రయాణిస్తుంది; అక్కడ ఆపే ద్వారమేమీ లేదు కాబట్టి కొంత రసం కడుపులోకి తిరిగిపోతుంది. కడుపు కింది భాగాన్ని కోసి తీసేసి పేగుకు కలిపే బిల్‌రోత్ ఆపరేషన్లలో కూడా ఇదే చిక్కు, అందులోనూ రెండో రకంలో మరీ ఎక్కువ. 1982లో ఆస్ట్రేలియాలో బ్యారీ మార్షల్, రాబిన్ వారెన్ ఈ పుండ్ల వెనుక ఉన్న హెలికోబ్యాక్టర్ పైలోరి అనే సూక్ష్మజీవిని గుర్తించిన తరువాత, ఆమ్లాన్ని గట్టిగా అణచే మాత్రలు అందుబాటులోకి వచ్చిన తరువాత, పుండ్లకు కత్తి పెట్టవలసిన అవసరం బాగా తగ్గిపోయింది. మార్షల్, వారెన్‌లకు 2005లో నోబెల్ బహుమతి లభించింది.

ఆపరేషన్లు తగ్గాయి గానీ అప్పట్లో చేయించుకున్నవారు ఇంకా మన ఇళ్ళలోనే ఉన్నారు. ఇప్పుడు అరవై, డెబ్బై దాటిన అలాంటి పెద్దాయనను గ్యాస్ డాక్టరు దగ్గరికి తీసుకువెళితే, ‘ఏమైనా ఆపరేషన్ అయిందా’ అన్న ప్రశ్నకు ‘ఏమీ లేదయ్యా’ అనే జవాబు వస్తుంది. దాచిపెట్టాలని కాదు; నలభై ఏళ్ళనాటి సంగతికీ ఇప్పటి మంటకూ సంబంధం ఉంటుందని ఆయనకు తోచదు. పంచె ముడి సడలించి పడుకోబెట్టి చూస్తే, రొమ్ముటెముక కింది నుంచి బొడ్డు దాకా నిలువుగా దిగిన తెల్లని గీత, దానికి రెండు పక్కలా కుట్లు పడినచోట చుక్కల వరుస కనిపిస్తాయి. ఈ జబ్బు విషయంలో ఆ గీత ఇచ్చే సమాచారం రక్తపరీక్షల కాగితాల కట్ట కూడా ఇవ్వదు. డిశ్చార్జి కాగితం పోయి ఉన్నా ఫరవాలేదు, ఆపరేషన్ జరిగిందన్న మాట, జరిగిన ఊరు, సుమారు సంవత్సరం చెబితే చాలు. అతుకు ఏ రకమో ఎండోస్కోపీలో డాక్టరుకే తెలుస్తుంది.

రెండో వర్గం, రాళ్ళ వల్ల పిత్తాశయం తీసేయించుకున్నవారు. నిలవ ఉంచే సంచి పోయాక పైత్యరసం తిండితో నిమిత్తం లేకుండా రోజంతా ధారగా దిగుతూ ఉంటుంది, అందువల్ల పరగడుపున కూడా కడుపులోకి ఎదురెక్కే అవకాశం పెరుగుతుంది. అయితే ఈ ఆపరేషన్ చేయించుకున్న వారిలో ఎక్కువమందికి ఏ ఇబ్బందీ రాదు. ఈ భయంతో అవసరమైన ఆపరేషన్ వాయిదా వేస్తే, రాయి జారి పైత్యనాళంలో అడ్డుపడి కామెర్లకో క్లోమం వాపుకో దారితీసే ప్రమాదం ఉంది. ఎన్నో ఏళ్ళుగా మధుమేహం ఉండి కడుపు కదలికలు మందగించినవారు మరో వర్గం. బరువు తగ్గడానికి చేసే బైపాస్ ఆపరేషన్లలో ఒకే అతుకు వేసే రకం కూడా ఈ కోవలోకి వస్తుంది. ఇవేవీ లేకుండా పైలోరస్ తనంతట తానే సడలిన సందర్భాలు కూడా ఉన్నాయి, కానీ ఆ మాట అనే ముందు మిగిలిన కారణాలన్నీ వెతికి ఉండాలి.

వెతకవలసిన కారణాల్లో మన ప్రాంతానికి బాగా వర్తించేది నొప్పి మాత్ర. పైత్యరసం వల్ల దెబ్బతిన్న కడుపు పొరను సూక్ష్మదర్శిని కింద చూస్తే గుంటలు మెలికలు తిరిగి సాగి ఉంటాయి, పొర ఉబ్బి ఉంటుంది, కండర పోగులు పైకి పాకి ఉంటాయి, వాపు కణాలు మాత్రం తక్కువ. దీనికి రసాయనిక గ్యాస్ట్రోపతి అని పేరు. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటి నొప్పి మాత్రలు దీర్ఘకాలం వాడినవారి కడుపు పొర కూడా అచ్చం ఇలాగే కనిపిస్తుంది. ముక్క పరీక్ష రిపోర్టు ఒక్కటే చూసి ఈ రెండింటినీ విడదీయడం సాధ్యం కాదు. కనిగిరి, పొదిలి వైపు మెట్ట ఊళ్ళలో భూగర్భజలంలోని ఫ్లోరైడ్ వల్ల నడుము పట్టేసి, మోకాళ్ళు వంగక, ఏళ్ళ తరబడి నొప్పి మాత్రలతోనే పొద్దు గడుపుతున్నవారు ఎందరో. మాత్ర పేరు చాలామందికి తెలియదు. ఊళ్ళో ఆర్‌ఎంపీ ఇచ్చిన పొట్లంలో ఉన్నవేమిటో అసలే తెలియదు. ఇలాంటి వ్యక్తి ఎండోస్కోపీ రిపోర్టులో పైత్యం అని రాసి ఉన్నా, ముందుగా మార్చవలసింది నొప్పికి వాడే మందును. అదే మాత్రలు కిడ్నీలనూ దెబ్బతీస్తాయి కాబట్టి, ఆ మార్పు వల్ల కలిగే మేలు కడుపుతో ఆగదు. గుండె కోసం చిన్న మోతాదు ఆస్పిరిన్ వాడుతున్నవారు మాత్రం దాన్ని సొంతంగా మానకూడదు. డాక్టరుకు చెప్పి దానికి తోడుగా రక్షణ మందు వేయించుకోవాలి.

లక్షణాల విషయానికి వస్తే, పై పొట్టలో మంటతో కూడిన నొప్పి, ఎడతెగని వికారం, చేదుగా పసుపుపచ్చని లేదా ఆకుపచ్చని వాంతి, తింటే ఎక్కువవుతుందన్న భయంతో తిండి తగ్గించడం, దానివల్ల బరువు పడిపోవడం ప్రధానమైనవి. ఆమ్లం వల్ల వచ్చే మంట అన్నం తిన్నాకనో, యాంటాసిడ్ ద్రావణం తాగాకనో కొంత శాంతిస్తుంది. పైత్యరసం వల్ల వచ్చే మంట అంత తేలిగ్గా లొంగదు. పాత కడుపు ఆపరేషన్ ఉన్నవారిలో ఒక సూక్ష్మం గమనించదగినది. వాంతి అయిన తరువాత కూడా నొప్పి అలాగే ఉంటే అది పైత్యరసపు గ్యాస్ట్రైటిస్ కావచ్చు. పొట్ట పట్టేసినట్టు నొప్పి వచ్చి, అన్నం కలవని పైత్యం ఒక్కసారిగా వాంతి కాగానే నొప్పి తీసేసినట్టు పోతే, అతుకు దగ్గరి పేగు మెలికలో అడ్డంకి ఉండే అవకాశం ఉంది, దానికి వైద్యం వేరు.

తెల్లవారగానే వేపపుల్లతో పళ్ళు తోముకుంటూ గొంతులో వేళ్ళు పెట్టుకుని, పసుపుపచ్చని నీళ్ళు వచ్చేదాకా కక్కి, ఇప్పటికి పైత్యం దిగిందని తృప్తిపడే అలవాటు మన పెద్దల్లో ఇప్పటికీ ఉంది. ఖాళీ కడుపుతో బలవంతంగా ఓకరిస్తే ఎవరికైనా ఆంత్రమూలంలోని రసం పైకి వస్తుంది. ఒక్కపొద్దు ఉన్నరోజు గానీ జ్వరంలో గానీ వాంతులైతే చివరికి పసరు పడేది కూడా ఇందుకే. కక్కడం వల్ల బయటికి వచ్చిన పైత్యం, కక్కడానికి ముందు కడుపులో ఉన్నది కాకపోవచ్చు. ఎండోస్కోపీకీ ఇదే వర్తిస్తుంది: గొట్టం గొంతు దిగేటప్పుడు రోగి పదేపదే ఓకరిస్తే, లోపల పసుపుపచ్చని మడుగు కనిపించడంలో వింత లేదు. అందుకే ‘బైల్ రిఫ్లక్స్ సీన్’ (పైత్యం ఎదురెక్కడం కనిపించింది) అన్న వాక్యాన్ని నేను రోగనిర్ధారణగా కాక ఒక గమనికగా మాత్రమే చదువుతాను. పొర ఎర్రబడి ఉబ్బి ఉందా, ముక్క తీశారా, తీస్తే అందులో ఏం కనిపించింది, హెలికోబ్యాక్టర్ పరీక్ష చేశారా అన్నవి దాని తరువాత అడగవలసిన ప్రశ్నలు. హెలికోబ్యాక్టర్ ఉన్నట్టు తేలితే దానికి నిర్ణీత యాంటీబయాటిక్ కోర్సు ఉంది, దాన్ని పూర్తిగా వాడాలి. అనుమానం మిగిలితే, రక్తంలోకి ఎక్కించిన స్వల్ప రేడియోధార్మిక పదార్థం పైత్యంతో కలిసి ఎటు పోతోందో కెమెరాతో చూసే హైడా స్కాన్ చేస్తారు. ఆ సౌకర్యం అన్నిచోట్లా ఉండదు, అందరికీ అవసరమూ రాదు.

కొన్ని సంకేతాలు కనిపిస్తే మాత్రం ఈ విచారణంతా పక్కనపెట్టి వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. తారులాంటి నల్లని విరేచనం, రక్తపు వాంతి, ముద్ద దిగకపోవడం, కామెర్లు అటువంటివి. కారణం తెలియకుండా బరువు తగ్గడం, రక్తహీనత, యాభై దాటాక మొదటిసారిగా మొదలైన అజీర్తి ఉంటే ఆలస్యం లేకుండా ఎండోస్కోపీ చేయించుకోవాలి. మధుమేహం ఉన్నవారికి చెమటలతో, ఆయాసంతో పై పొట్టలో బరువు వస్తే గ్యాస్ అనుకుని సోడా తాగుతూ కూర్చోకూడదు. అది గుండెపోటు కావచ్చు, ముందు ఈసీజీ తీయించాలి. పుట్టిన కొద్దిరోజుల పసిబిడ్డ ఆకుపచ్చగా వాంతి చేసుకోవడం పేగు మెలిపడిన సూచన కావచ్చు, అది గంటల్లో చూపించవలసిన అత్యవసర పరిస్థితి.

ఇక మందులు. మొదట చెప్పుకున్న క్యాప్సూల్ పట్టీని వెనక్కు తిప్పి, వెండిరేకు మీది చీమతలంత అక్షరాలను వెలుతురుకు పెట్టి చదివితే సాధారణంగా రెండు పేర్లు ఉంటాయి. రాబెప్రజోల్ 20 మిల్లీగ్రాములు ఒకటి. రెండోది లెవోసల్‌పిరైడ్ 75 మిల్లీగ్రాములు గానీ డోంపెరిడోన్ 30 మిల్లీగ్రాములు గానీ అయి ఉంటుంది. మొదటిది ఆమ్లాన్ని తగ్గిస్తుంది, రెండోది కడుపును త్వరగా కిందికి ఖాళీ చేయిస్తుంది. పైత్యం కడుపులో నిలవ ఉండకుండా చేయడానికి రెండోది కొంత పనికొస్తుంది, అందుకే డాక్టర్లు కొద్దివారాలకు రాస్తారు. రాసిన మందును రోగి చీటీ తిరగరాయించుకోకుండానే ఏళ్ళ తరబడి కొనుక్కోవడంలో ఉంది ప్రమాదం. లెవోసల్‌పిరైడ్ దీర్ఘకాలం వాడిన వృద్ధుల్లో చేతులు వణకడం, నడక మందగించడం, ముఖంలో కదలిక తగ్గడం వంటి పార్కిన్సన్ తరహా లక్షణాలు రావచ్చు. ఆడవారిలో నెలసరి తప్పడం, గర్భం లేకపోయినా రొమ్ముల్లో పాలు రావడం జరగవచ్చు. వయసు మీద పడి వణుకు వచ్చిందనుకుని దానికి మరో మందు మొదలుపెట్టిన తరువాత, అసలు కారణం గ్యాస్ మాత్ర అని తేలిన సందర్భాలు నరాల వైద్యులకు కొత్త కాదు. డోంపెరిడోన్ గుండె లయను చెదరగొట్టగలదు కాబట్టి ఐరోపా మందుల నియంత్రణ సంస్థ 2014లోనే దాని మోతాదునూ వాడే కాలాన్నీ కుదించింది. నా ఉద్దేశంలో, పైత్యం పేరుతో మన ప్రాంతంలో జరుగుతున్న నష్టంలో పైత్యరసం చేసేదానికంటే ఈ క్యాప్సూళ్ళను అంతూదరీ లేకుండా వాడటం వల్ల కలిగేది తక్కువేమీ కాదు.

పైత్యం మీదనే పనిచేసే మందుల్లో ఉర్సోడియాక్సీకోలిక్ ఆమ్లం ఒకటి. ఇది స్వయంగా ఒక రకం పైత్యామ్లమే, కాకపోతే మెత్తనిది. శరీరంలోని పైత్యంలో దీని వాటా పెరిగితే కరుకైన ఆమ్లాల వాటా తగ్గుతుంది. దీనిపై జరిగిన పరిశీలనలు చిన్నవే అయినా, వికారమూ నొప్పీ తగ్గినవారు ఉన్నారు. సుక్రాల్‌ఫేట్ ద్రావణం దెబ్బతిన్న పొర మీద పూతలా అంటుకుంటుంది. అన్నానికి గంట ముందు ఖాళీ కడుపుతో తాగాలి, ఇతర మాత్రలకు రెండు గంటల ఎడం ఇవ్వాలి. దానిలో అల్యూమినియం ఉంది కాబట్టి కిడ్నీ జబ్బు ఉన్నవారు ముందుగా చెప్పాలి. పైత్యామ్లాలను పట్టి ఉంచే కొలెస్టిరమీన్ పొడి సిద్ధాంతపరంగా బాగుంటుంది గానీ ఈ జబ్బులో ఫలితాలు నిరాశపరిచాయి. పైగా అది మలబద్ధకం తెస్తుంది, థైరాయిడ్ మాత్ర వంటివాటిని ఒంటికి పట్టనివ్వదు.

తిండి గురించి అందరూ మొదట అడుగుతారు, చెప్పగలిగింది మాత్రం కొంచెమే. పైత్యం రాకను ఆపగల ప్రత్యేక పథ్యం అంటూ ఏదీ రుజువు కాలేదు. నూనె తేలే చేపల పులుసులో నూనెనూ పులుపు కారాలనూ వేరువేరుగా ఆలోచించాలి: కొవ్వు పిత్తాశయాన్ని ముడుచుకునేలా చేస్తుంది, కడుపు ఖాళీ కావడాన్ని ఆలస్యం చేస్తుంది, చింతపండు, మిరపకాయ పైత్యాన్ని పెంచవు, అప్పటికే ఒరిసిపోయిన పొర మీద పడి మండిస్తాయి. కాబట్టి పొర మానేదాకా రెండూ తగ్గించడం, నెయ్యి కారం దట్టించిన దోసెను కొన్నాళ్ళు పక్కనపెట్టడం, మానిన తరువాత పులుపూ కారమూ మెల్లగా మళ్ళీ మొదలుపెట్టడం సబబు. రెండు పూటలా కంచం నిండా తినేకంటే అదే తిండిని నాలుగైదుసార్లుగా తినడం మేలు. రొయ్యల గుంటల మీద కాపలా ఉండి రాత్రి పదకొండింటికి తిని వెంటనే గట్టు మీద నడుం వాల్చేవారికి భోజనాన్ని రెండు మూడు గంటలు ముందుకు జరపడం కష్టమే, అయినా జరిపితే తేడా తెలుస్తుంది. తలవైపు ఎత్తు పెట్టుకుని పడుకోవడం వల్ల పైత్యం కడుపులోకి రావడం తగ్గదు, కడుపు నుంచి గొంతులోకి రావడం తగ్గుతుంది. రాత్రిళ్ళు నోరు చేదెక్కేవారికి అది పనికొస్తుంది. చుట్ట, బీడీ, సిగరెట్ పైలోరస్ బిగువును తగ్గిస్తాయి. పొగాకు పండే కందుకూరు, కొండపి పల్లెల్లో ఈ మాట చెప్పడం ఇబ్బందే గానీ, పొగ మానకుండా మందులు వాడటం వల్ల ప్రయోజనం తక్కువ.

పాత ఆపరేషన్ వల్ల వచ్చిన జబ్బు మందులకు లొంగక మనిషి చిక్కిపోతుంటే శస్త్రచికిత్స ఆలోచిస్తారు. స్విట్జర్లాండ్ వైద్యుడు సెజార్ రూ పేరు మీద ఉన్న పద్ధతిలో పేగును వై ఆకారంలో మళ్ళీ అతికి, పైత్యరసం కలిసే చోటును కడుపుకు 50, 60 సెంటీమీటర్ల దిగువకు మారుస్తారు. వాంతిలో పైత్యం పడటం దీనితో చాలామటుకు ఆగుతుంది. నొప్పి మాత్రం కొందరిలో మిగిలిపోతుంది, మరికొందరిలో కడుపు ఖాళీ కావడమే మందగించి కొత్త బాధ మొదలవుతుంది. అందువల్ల నిర్ధారణ గట్టిగా ఉన్నవారికే దీన్ని సూచిస్తారు. నెల్లూరువాళ్ళు చెన్నైకో వేలూరుకో, ఒంగోలువాళ్ళు గుంటూరుకో హైదరాబాదుకో పోయి ఇంకో అభిప్రాయం తీసుకోవాలనుకుంటే, ఆపరేషన్ మాట వచ్చిన ఈ దశలోనే తీసుకోవడం మంచిది. వెళ్ళేటప్పుడు ఎండోస్కోపీ ఫొటోలతో పాటు ముక్క పరీక్ష రిపోర్టు, వాడిన మందుల ఖాళీ పట్టీలు కూడా వెంట ఉంచుకోవాలి. ప్రభుత్వ ఆరోగ్య పథకం వర్తిస్తుందా లేదా అన్నది ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్ర ముందే చెప్పగలరు.

కడుపు భాగం తీసేయించుకున్నవారు పైత్యపు బాధ ఉన్నా లేకపోయినా ఏడాదికోసారి హిమోగ్లోబిన్, ఇనుము నిల్వలు, బి12 విటమిన్ చూపించుకోవాలి, ఎందుకంటే మిగిలిన కడుపు వాటిని సరిగా గ్రహించనివ్వదు. ఆపరేషన్ జరిగి పదిహేను ఇరవై ఏళ్ళు దాటితే మిగిలిన భాగంలో క్యాన్సర్ ముప్పు కొంత పెరుగుతుంది. అలాంటివారికి కొత్తగా ఆకలి మందగించినా, బరువు తగ్గినా పాత మంటేనని సరిపెట్టుకోకుండా మరోసారి ఎండోస్కోపీ చేయించి, అతుకు దగ్గర ముక్క తీయించాలి.